పొద్దున పదకొండింటి తరువాత



మీలో చాలామంది ఈపాటికి వంట ముగించి, గిన్నెలు కడిగి బోర్లించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ రేడియో దగ్గరికి వచ్చి ఉంటారు. కొందరికి ఇంకా కుక్కర్ దిగి ఉండదు. దిగనివ్వండి, తొందరేమీ లేదు. ఈరోజు మనం మాట్లాడుకునేది పప్పు ఎనుపుకుంటూ కూడా వినవచ్చు.

"జీవితానికి అర్థం, ప్రయోజనం" అన్న విషయం మీద మాట్లాడమన్నప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. అది స్వాములూ, పండితులూ మాట్లాడే మాట కదా, రేపటికి ఇడ్లీపిండి ఉందా లేదా అని చూసుకునే నేనేం చెబుతాను అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే, ఈ ప్రశ్న నా ఇంట్లోకే ఒక రోజు వచ్చి కూర్చున్న సంగతి జ్ఞాపకం వచ్చింది. పొద్దున పదకొండు గంటల వేళ వచ్చింది. దాన్ని గురించే చెబుతాను.

మాది మడకశిర. కొండ కింద ఊరు. ఇంట్లోంచి బయటికొచ్చి తలెత్తితే కోట కనబడుతుంది. ఇక్కడి పిల్లలకు చదువైతే హిందూపురం, ఉద్యోగమైతే బెంగుళూరు. మా పెద్దవాడు ముందు వెళ్ళాడు. రెండేళ్ళకు చిన్నది కూడా వెళ్ళింది. దాన్ని బస్సెక్కించి వచ్చిన మర్నాడు నేను అలవాటు కొద్దీ నాలుగు గ్లాసుల బియ్యం కడిగాను. తినేది ఇద్దరం. అన్నం మిగిలింది. ఆ మర్నాడూ అంతే. మనసుకు తెలిసినా చేతికి తెలియడానికి పది పదిహేను రోజులు పట్టింది.

చేతికి కూడా తెలిశాక అసలు బాధ మొదలైంది. ఆయన తొమ్మిదిన్నరకు వెళ్ళిపోతారు. ఇద్దరి వంట ఎంతసేపు? పదకొండు కొట్టేసరికి ఇల్లంతా సర్దేసి ఉండేది. అప్పుడు నేను కుర్చీలో కూర్చుని గోడ వైపు చూసేదాన్ని. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు, డబ్బుకు ఇబ్బంది లేదు, ఎవరితోనూ తగాదా లేదు. కానీ "ఇక నేనెందుకు?" అని ఒక మాట లోపల తిరుగుతూ ఉండేది. సాయంత్రం ఆయన చెప్పులు అడ్డంగా విడిస్తే దాని మీద అరగంట గొడవ చేసేదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఆయన చెప్పులు అట్లాగే విడుస్తున్నారు మరి! చివరికి ఒక డాక్టరు దగ్గరికి వెళితే, పరీక్షలు రాసి, అన్నీ బాగున్నాయని, బలానికి మాత్రలిచ్చి, "మీకేం జబ్బు లేదమ్మా, ఊరికే ఆలోచించొద్దు" అన్నాడు. ఊరికే ఉన్నందువల్లే కదా ఆలోచన, అని పైకి అనలేక వచ్చేశాను.

ఇట్లాంటి స్థితికి మనస్తత్వ శాస్త్రంలో ఒక పేరుంది. వియన్నా నగరంలో విక్టర్ ఫ్రాంకెల్ అని ఒక మానసిక వైద్యుడుండేవాడు. ఆయన దీన్ని "ఆదివారపు జబ్బు" అన్నాడు. వారమంతా ఆఫీసు, పరుగు, పని. ఆదివారం వచ్చి ఆ హడావిడి ఆగిపోగానే మనిషికి లోపలి ఖాళీ కనబడి దిగులు పుడుతుందట. ఇది చదివినప్పుడు నాకనిపించింది, ఈయన మగవాళ్ళను చూసి పేరు పెట్టాడు. మనకు ఆదివారం ఎక్కడుంది? ఆదివారం ఇంకా రెండు కూరలు ఎక్కువ. మన ఆదివారం పాతిక ముప్ఫై ఏళ్ళకొక్కసారి వస్తుంది, ఆఖరి పిల్ల బస్సెక్కిన మర్నాడు. వచ్చిందంటే ఇక సోమవారం రాదు.

ఈ ఫ్రాంకెల్ కథ కాస్త చెప్పాలి. ఆయన 1905లో పుట్టాడు. యూదుడు. హిట్లర్ కాలంలో, 1942లో ఆయన్నూ, భార్యనూ, తల్లిదండ్రులనూ నిర్బంధ శిబిరానికి తోలుకుపోయారు. తండ్రి ఆ మొదటి శిబిరంలోనే పోయాడు. తల్లిని ఆష్విట్జ్‌లో చంపేశారు. భార్య మరొక శిబిరంలో చనిపోయింది. ఆయన రాసుకున్న పుస్తకం రాతప్రతిని కోటు లోపలి గుడ్డలో దాచి కుట్టుకుంటే ఆ కోటునూ లాగేసుకున్నారు. 1945 ఏప్రిల్‌లో విడుదలై వచ్చేదాకా భార్య పోయిన సంగతి కూడా ఆయనకు తెలియదు. ఆ మరుసటి ఏడాది, 1946లో, అక్కడ తాను చూసినది పుస్తకంగా వేశాడు. ఆయన 1997 దాకా బ్రతికాడు. ఆ పుస్తకం ప్రపంచమంతా చదివింది.

శిబిరంలో ఇద్దరు మనుషులు ఇక బ్రతకడం వద్దనుకున్నారట. ఇద్దరిదీ ఒకే మాట: "జీవితం నుంచి నాకిక రావలసిందేమీ లేదు." ఫ్రాంకెల్ వారికి ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడనీ చెప్పలేదు. నీకు జీవితం నుంచి రావలసింది సరే, నీ నుంచి ఎవరికైనా, దేనికైనా రావలసింది ఉందా అని ఆలోచింపజేశాడు. ఒకడికి పరదేశంలో ప్రాణంగా చూసుకునే బిడ్డ ఉంది. ఇంకొకడు శాస్త్రజ్ఞుడు. కొన్ని పుస్తకాలు మొదలుపెట్టి సగంలో వదిలాడు, వాటిని మరొకరు పూర్తి చేయలేరు. ఆ బిడ్డకు మరో తండ్రి లేడు, ఆ పుస్తకాలకు మరో రచయిత లేడు. ఆయన చెప్పిందంతా ఈ తిరగేసిన ప్రశ్నలోనే ఉంది. "జీవితానికి అర్థమేమిటి?" అని మనం అడగడం కాదు, జీవితమే మనల్ని అడుగుతుంది, ఈ పూట, ఈ ఇంట్లో, ఈ మనిషి రూపంలో. మనం జవాబు చెప్పాలి, అదీ మాటతో కాదు, పనితో.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆశయం ఉన్నవాళ్ళందరూ ఆ శిబిరాల నుంచి బ్రతికి వచ్చారని ఎవరైనా అంటే నమ్మకండి. మాలో ఉత్తములు తిరిగి రాలేదని ఫ్రాంకెలే రాసుకున్నాడు. ఆకలికీ, తుపాకీకీ మనోబలం లెక్కలేదు. ఉన్నన్నాళ్ళు మనిషి ఎట్లా ఉన్నాడనేదే ఆయన చెప్పదలచుకున్నది.

సరే, వియన్నా నుంచి మన వైపు వద్దాం. ధర్మవరంలో మా బంధువుల ఇంటికి ఎదురిల్లు నేతపనివాళ్ళది. ఆ ఇంట్లో ఒక అవ్వ. పెళ్ళై వచ్చినప్పటి నుంచి రాట్నం ముందు కూర్చుని పట్టునూలు కండెలు చుట్టిన మనిషి. మగ్గం మీద చీర నేసేవాడి పేరు నలుగురికీ తెలుస్తుంది, చుట్టుపక్కల ఆడవాళ్ళు పూటపూటా చుట్టే కండెలు లేకపోతే నాడె ఆడదు, ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు. అది వేరే ప్రసంగం. ఈ అవ్వకు చూపు మందగించింది. కోడలు మంచిపిల్ల. "ఇంతకాలం చేసింది చాలు, ఇక కూచుని తినవ్వా" అని రాట్నం తీసి అటక మీద పెట్టేసింది. వేళకు కాఫీ, వేళకు అన్నం, మెత్తటి పరుపు. ఊరంతా ఆ కోడల్ని మెచ్చుకున్నారు.

ఆరు నెలల్లో అవ్వ సగమైపోయింది. మాట తగ్గింది. అన్నం ముందు పెడితే "ఏంటికి తినేది?" అనేది. "దేవుడు నన్నేంటికి పెట్టుకోనున్నాడో" అని పగలంతా అదే మాట. పిల్లలు విసుక్కుంటే కోడలు కళ్ళ నీళ్ళు పెట్టుకునేది, ఏం తక్కువ చేశాను అని.

ఆమె తక్కువేం చేయలేదు. ఎక్కువ చేసింది. ఇట్లాంటిదే అమెరికాలో ఇద్దరు స్త్రీలు పరీక్ష చేసి చూశారు. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అని మనస్తత్వ శాస్త్రజ్ఞులు. వాళ్ళ ఫలితం 1976లో అచ్చయింది. కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల గృహంలో ఒక అంతస్తు వాళ్ళకు, "మీ గది సంగతి మీరే చూసుకోవాలి, సినిమా ఏ రోజు చూడాలో మీరే చెప్పండి, ఇదిగో ఈ మొక్క మీది, నీళ్ళు పోయడం మీ బాధ్యత" అన్నారు. ఇంకో అంతస్తు వాళ్ళకూ మొక్క ఇచ్చారు. కానీ "నర్సులే నీళ్ళు పోస్తారు, మీకేం శ్రమ అక్కర్లేదు, మిమ్మల్ని సుఖంగా చూసుకోవడం మా పని" అన్నారు. మూడు వారాలకే మొదటి వాళ్ళు హుషారుగా, నలుగురితో కలుస్తూ కనబడ్డారు. ఏడాదిన్నర తరువాత చూస్తే రెండో అంతస్తులో నూటికి ముప్ఫై మంది చనిపోయారు, మొదటి దాంట్లో నూటికి పదిహేను మందే. పరీక్షలో ఉన్నది మొత్తం వందమందికి లోపే కనుక ఈ అంకెలను శాసనంలా పట్టుకోకూడదు. అయినా ఒక్క పూలకుండీ సంగతి చూడండి. మొక్క ఇద్దరికీ ఇచ్చారు, నీళ్ళు పోసే పని మాత్రం ఒకరికే ఇచ్చారు.

మన ఇళ్ళల్లో ఎందరు అత్తల చేతిలోంచి, అమ్మల చేతిలోంచి మనం ప్రేమతోనే చెంబు లాగేసుకున్నామో! "నువ్వు కూర్చో, నేను చేస్తా" అనడం మర్యాద అనుకుంటాం. చింతపండు గింజ తీయడం, మునగాకు దూయడం, దేవుడి దగ్గర వత్తి వేయడం, పిల్లవాడికి ఎక్కం ఒప్పజెప్పించుకోవడం, వీటిలో ఏదో ఒకటి వాళ్ళదిగా ఉండనివ్వాలి. ఉత్తుత్తి పని మాత్రం ఇవ్వకండి. పెద్దవాళ్ళు దాన్ని క్షణంలో పసిగడతారు, అప్పుడు అవమానం రెండింతలు.

ధర్మవరం అవ్వ సంగతి చెప్పనే లేదు కదూ. కోడలికి ఎవరూ శాస్త్రం చెప్పలేదు. ఒకరోజు పండగ ముందు చేతికి పని ఎక్కువై, గత్యంతరం లేక రాట్నం దించి "అవ్వా, కొంచెం చుట్టిస్తావా?" అంది. అవ్వ చూపుతో కాదు, వేలితో చుట్టింది. దారం తెగితే వేలికే తెలిసింది. రెండు కండెలు వదులుగా వచ్చాయి. కోడలు దాచకుండా ఆ మాట చెప్పింది. అవ్వ తన చేతినే తిట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టింది. ఆ పూట రెండో మారు కూర అడిగి వేయించుకుందట.

ఇక మళ్ళీ నా కుర్చీ దగ్గరికి. మాకు కర్ణాటక సరిహద్దు దగ్గర. మడకశిర, అగళి, రొళ్ళ, అమరాపురం, ఈ వైపు చాలా ఇళ్ళల్లో మాట్లాడేది కన్నడమే, కన్నడ మీడియం బళ్ళు కూడా ఉన్నాయి. కానీ బ్యాంకులో, ఆఫీసుల్లో వచ్చే కాగితాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మా వెనక వీధిలో ఒకామె, కన్నడం ఇంటి మనిషి, ఒక పదకొండు గంటల వేళ వచ్చి వాకిట్లో నిలబడింది. చేతిలో ఒక కాగితం, నాలుగు మడతలు పెట్టింది. "అక్కా, ఈ కాగిదంలో ఏముందో రోంత సదివి సెప్పక్కా. కొడుకు ఊళ్ళో లేడు" అంది. చదివాను. బ్యాంకు నుంచి వచ్చిన నోటీసు. ఆధార్‌లో పేరు ఒక రకంగా, పాసుబుక్కులో ఇంకో రకంగా ఉంది, ఫలానా తేదీలోగా సరిచేసుకోకపోతే డబ్బు ఖాతాలో పడదు. ఆ తేదీకి మూడు రోజులుంది. ఆమె ఆ కాగితాన్ని పద్దెనిమిది రోజులుగా బియ్యం డబ్బా కింద పెట్టుకుంది, ఎవరినడగాలో తెలియక.

నేను పెద్దగా చేసిందేమీ లేదు. ఆమెతోపాటు బ్యాంకుకు వెళ్ళి ఒక ఫారం నింపాను. మరుసటి వారం ఆమె ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది. ఇప్పుడు వారంలో మూడు రోజులు మా అరుగు మీద కాగితాలు చదువుతాను. అది ఏ ఆఫీసు పనో తెలియక నేనూ తప్పులు చేశాను, ఒకామెను అనవసరంగా రెండుసార్లు తిప్పాను కూడా. చదువుకున్నది మా నాన్న పంతంతో, ఎప్పుడో. పెళ్ళయ్యాక ఆ చదువు పిల్లల హోంవర్కుకు తప్ప దేనికీ పనికిరాలేదనుకున్నాను.

ఈ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు తరచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు జ్ఞాపకం వస్తారు. పోల్చుకోవడానికి కాదు, అంత ధైర్యం నాకు లేదు. 1909లో రాజమండ్రిలో పుట్టారావిడ. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఒంటరి కొట్లో పెట్టారు. పక్క గదుల్లో హత్యానేరం మీద శిక్షపడిన స్త్రీలు. వాళ్ళ కథలు వింటే, తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో తామేం ఒప్పుకున్నారో కూడా సరిగా తెలియనివాళ్ళు అందులో ఉన్నారు. ఇలాంటి వాళ్ళ పక్షాన మాట్లాడాలంటే తాను లా చదవాలని ఆవిడకు అక్కడే తోచింది. అప్పటికి ఆవిడకు మెట్రిక్ కూడా లేదు! బయటికొచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, బి.ఎ., ఆ తరువాత లా చదివి వకీలు అయ్యారు. మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళు రెండేళ్ళలో పరీక్షకు కూర్చునేట్టుగా 1958లో ఆ బోర్డు పెట్టిన కోర్సులు ఎందరి బ్రతుకులు మార్చాయో మీలో కొందరి అమ్మలకు, అమ్మమ్మలకు తెలుసు. 1981లో పోయారు.

నాకు ఇందులో నచ్చేది పదవులు కాదు. ఆవిడ జైలు గదిలో కూర్చుని "నా జీవిత లక్ష్యమేమిటి?" అని కళ్ళు మూసుకుని వెతుక్కోలేదు. పక్క గదిలోని గొంతు విన్నది. పని అటు నుంచి వచ్చింది.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, "ఈమె చివరికి సంఘసేవ చేయమంటుంది" అని. లేదమ్మా. సంఘసేవకు పోయి ఇంట్లో మనిషి మొహం చూడని వాళ్ళను నేనెరుగుదును. తోచుబడి కోసం చేసే పనీ, అర్థం ఉన్న పనీ ఒకటి కావు. తోమిన స్టీలు సామాను మళ్ళీ తోమడం, సీరియల్ తరువాత సీరియల్ చూడడం, వీటితో పొద్దుపోతుంది, నేనూ చేశాను. నేను లేకపోతే ఇది ఆగిపోతుందా అని అడిగి చూసుకోండి. కొందరికి అది పాట. చిన్నప్పుడు నేర్చి వదిలేసిన వర్ణం మళ్ళీ గొంతులోకి వస్తే చాలు. కొందరికి కుట్టుమిషన్. కొందరికి మంచంలో ఉన్న మామగారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు ఈ బాధ ఉండదని కూడా అనుకోకండి, వాళ్ళకు రిటైరైన మర్నాడు వస్తుంది.

కూలికి పోయే వాళ్ళకు ఇట్లాంటి ప్రశ్నలుండవు, ఇవి తిని కూర్చునే వాళ్ళ రోగాలు అని ఒకాయన నాతో వాదించాడు. చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ ఒకామె నాతో అన్న మాట ఆయనకు చెప్పాను. "ఎవురి కోసరమక్కా ఇంత ఎండలో? పిల్లోల్లకు మేం గుర్తుంటామా?" అంది. ప్రశ్న అదే. అడిగేందుకు ఆమెకు కుర్చీ లేదు, అంతే తేడా.

పనితో పూడనివి కూడా ఉంటాయి. ఫ్రాంకెల్ దగ్గరికి ఒక వృద్ధ డాక్టరు వచ్చాడు. రెండేళ్ళ కిందట భార్య పోయింది, దుఃఖం తగ్గడం లేదు. ఫ్రాంకెల్ ఒకటే అడిగాడు: "ముందు మీరే పోయి, ఆమె మిగిలి ఉంటే?" "అయ్యో, ఆమె ఎంత బాధపడేదో!" అన్నాడాయన. "ఆ బాధ ఆమెకు లేకుండా మీరు మోస్తున్నారు" అన్నాడు ఫ్రాంకెల్. ఆయన లేచి, చెయ్యి కలిపి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. దుఃఖం పోలేదు, దానికొక చోటు దొరికింది.

చికాగోలో 1200 మందికి పైగా వృద్ధులను ఐదేళ్ళ దాకా గమనించి 2009లో ఒక లెక్క ప్రకటించారు. బ్రతుకుకు ఒక ఉద్దేశం ఉందనుకునే వారిలో, లేదనుకునే వారితో పోలిస్తే, చనిపోయే అవకాశం దాదాపు సగమేనట. ఇట్లాంటివి పత్రికల్లో చదివి "అర్థం ఉంటే ఆయుష్షు పెరుగుతుంది" అని గబుక్కున అనేయకండి. ఒంట్లో రోగం ముదిరినవాడికి దేని మీదా ఆసక్తి ఉండదు, అట్లా కూడా ఆ లెక్క రావచ్చు. ఏది ముందో, ఏది వెనకో తేల్చడం కష్టం.

ఆ రోగం మాట ఎందుకన్నానంటే, "ఇక నేనెందుకు?" అన్నది కొన్నిసార్లు ఒట్టి ప్రశ్న కాదు. వారాల తరబడి నిద్రపట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె బరువెక్కడం, తిండి సయించకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, చచ్చిపోతే బాగుండునని అనిపించడం, ఇవి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి అరుగులూ, కాగితాలూ మందు కావు, డాక్టరు కావాలి. ఒక డాక్టరు తేలిగ్గా తీసేస్తే ఇంకొకరికి చూపించుకోండి, సిగ్గుపడే పని కాదు. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అనే ఫోను సహాయం కూడా ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. కాస్త గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి, మీ కోసం కాకపోతే మీ ఇంటికి వచ్చే ఎవరి కోసమైనా.

మా చిన్నది రోజూ పదకొండున్నరకు, ఆఫీసులో టీ వేళ, ఫోను చేసేది. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "ఏముంది, ఊరికే కూచున్నా" అనేదాన్ని, కాస్త జాలిగా వినబడేట్టుగానే. మొన్న చేసినప్పుడు అరుగు మీద ముగ్గురున్నారు, నా చేతిలో ఎవరిదో పట్టాదారు పాసుపుస్తకం ఉంది. "ఇప్పుడు కుదరదు, సాయంత్రం చెయ్యి" అని పెట్టేశాను. దానికి కోపం వచ్చిందట. వాళ్ళ నాన్నకు ఫోను చేసి, "అమ్మకు ఏమైంది?" అని అడిగిందట.